ఈతతొట్టి కింద నేల

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

అమెరికాలో కాపురముంటున్న పిల్లల ఇళ్ళకు వెళ్ళివచ్చిన వాళ్ళు అక్కడి పెరళ్ళలో ఈతతొట్లు చూసే ఉంటారు. గొయ్యి తవ్వించి సిమెంటుతో కట్టించాలంటే ఖర్చు ఎక్కువ. అంచేత చాలామంది నేల మీదే నిలబెట్టే తొట్టి కొనుక్కుంటారు. చుట్టూ రేకు గోడ, లోపల వినైలు పొర. ఆ పొరనే లైనరంటారు. రవికకు అస్తరు ఎలాగో తొట్టికి లైనరు అలాగ. నీళ్ళు కారిపోకుండా చూడటం వరకే దాని పని. బరువు మోయవలసింది కింద నేల, తోపుడు ఆపవలసింది చుట్టూ గోడ. తొట్టి బాగోగులన్నీ ఈ ఒక్క మాట మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆ బరువెంతో లెక్క చూద్దాం. 15 అడుగుల వెడల్పున్న గుండ్రటి తొట్టిలో 4 అడుగుల లోతు నీళ్ళు నింపితే సుమారు 20 వేల లీటర్లు. లీటరు నీళ్ళంటే కిలో బరువు గదా! అంటే 20 టన్నులు. ఒక్కో చదరపు మీటరు నేల మీద సుమారు 1,200 కిలోలు పడుతుంది. లైనరు మందం చూస్తే అర మిల్లీమీటరు, మహా అయితే ఇంకాస్త. కింద గులకరాయి ఉంటే ఇంత బరువూ లైనరును దాని మీద అదుముతుంది. పైన పిల్లలు గెంతుతూ ఉంటారు. ఇక చిల్లి పడటానికి ఎన్నాళ్ళు పడుతుంది? గుంట ఉంటే అక్కడ లైనరు సాగి పలచబడుతుంది.

ఇది ఎగుడుదిగుళ్ళ సంగతి. వాలు అంతకన్నా ప్రమాదం. నేల ఎలా ఉన్నా నీళ్ళ పైమట్టం సమంగానే నిలుస్తుంది. కాబట్టి పల్లం వైపు లోతు ఎక్కువవుతుంది. లోతు రెట్టింపైతే గోడ మీద తోపుడు రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. మనం చెప్పుకున్న తొట్టిలో ఆ చివరికీ ఈ చివరికీ 3 అంగుళాలు వాలుంటే, మెరక వైపు గోడ కంటే పల్లం వైపు గోడ సుమారు 13 శాతం ఎక్కువ తోపుడు భరించాలి. పైగా ఆ గోడ నిటారుగా కాక బయటికి ఒరిగి ఉంటుంది. అది తెగితే 20 టన్నుల నీళ్ళు ఒక్క ఉదుటున బయటపడతాయి. అప్పుడు పక్కన పసిపిల్ల ఆడుకుంటూ ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అందుకే తేడా అంగుళం దాటకూడదంటారు. అరంగుళంలో ఉంటే మరీ మంచిది.

మరి నేల ఎలా సాపు చేయాలి? పల్లంలో మట్టి పోసి మెరకతో కలిపేద్దామని అందరికీ తోస్తుంది. అది పనికిరాదు. పోసిన మట్టి వదులుగా ఉండి, తడి తగిలి బరువు పడగానే కుంగుతుంది. మెరకనే చెక్కి పల్లానికి దింపాలి. శ్రమే గాని, ఎప్పటినుంచో గట్టిపడి ఉన్న నేల మాట తప్పదు.

ముందు గడ్డిని వేళ్ళతో సహా తీసేయాలి. కింద వదిలేస్తే అది కుళ్ళి గుంటలు పడతాయి. తుంగ ఉంటే మరీ జాగ్రత్త. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అది మన పొలాల్లో లాగానే మొండికెత్తి పెరుగుతుంది. దాని మొలక సూదిమొనలా లైనరును పొడుచుకుని పైకి వస్తుంది. గడ్డలతో సహా తవ్వి తీయవలసిందే. తర్వాత నడిమధ్య మేకు పాతి, తిన్నని చెక్క ఒక కొన మేకు మీద ఆనించి, చెక్క మీద రసమట్టం పెట్టి, గడియారం ముల్లులా చుట్టూ తిప్పుతూ చూడాలి. ఎక్కడ మెరకుంటే అక్కడ చెక్కాలి. నేల కాస్త తడిపి దిమ్మిసతో గట్టిపరిచాక, జల్లించిన సన్న ఇసుక 2 అంగుళాలు పరవాలి. ఇసుక మెత్తదనానికే గాని పల్లాలు పూడ్చటానికి కాదు. గోడ మొదట్లో లోపలివైపు ఇసుకను గట్టులా అణిస్తే లైనరు గోడ కిందుగా జారదు.

నీళ్ళు పట్టేటప్పుడు రెండంగుళాలు రాగానే కుళాయి కట్టేయండి. నీరు ఒక వైపే చేరిందా, అంతటా పరుచుకుందా చూడండి. నీటిని మించిన మట్టం మరొకటి లేదు. తేడా కనబడితే అప్పుడే తోడేసి సరిచేసుకోవచ్చు. నిండాక తెలిస్తే పై నుంచి చేసే మరమ్మతు ఏదీ లేదు. అంతా ఖాళీ చేయవలసిందే. పాత లైనరైతే ఒకసారి విప్పాక ముడుచుకుపోయి మళ్ళీ సరిగా అమరదు, లాగితే చిరుగుతుంది.

ఇక మన వైపు సంగతి. ఎండాకాలంలో పిల్లల సరదా కోసం రెడీమేడు తొట్లు ఇక్కడా కొంటున్నారు. నేల సాపుగా ఉంటుందని డాబా మీదికి ఎక్కిస్తున్నారు. గచ్చు సాపుగానే ఉంటుంది గాని, మామూలు ఇళ్ళలో మనుషులు తిరిగే డాబాను చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుకు లెక్కవేసి కడతారు. రెండడుగుల నీళ్ళంటే 600 కిలోలు! ఇంజనీరును అడగకుండా ఆ పని చేయకండి. తొట్టి ఎక్కడ పెట్టినా పెద్దవాళ్ళు ఒకరు దగ్గరుండాలి. పిల్లల ఈత అయిపోగానే నిచ్చెన తీసి దాచాలి.

మనం బియ్యం డబ్బా పెట్టేటప్పుడు కూడా పీట కుదురుగా ఉందా లేదా అని కదిపి చూస్తాం. 20 టన్నుల నీళ్ళకు ఆ పాటి జాగ్రత్త అవసరం గదా!