విద్యుత్ క్షేత్రములు - తీగెలపై పనిచేయువారి రక్షణము

మన పొలములలోని మోటారులకు కరెంటు నందించుటకై స్తంభములెక్కి పనిచేయువారి ప్రాణరక్షణము రైతులకును సంబంధించిన విషయమే. స్విచ్చి తీసిన పిదప తీగె చచ్చినదనియు, దానిని నిర్భయముగా తాకవచ్చుననియు పెక్కుమంది తలచుచున్నారు. అది సత్యము కాదు. కారణమును సంగ్రహముగా నిచట వివరించుచున్నాము.

క్షేత్రమనగానే రైతునకు తన పొలము స్ఫురించును. విద్యుచ్ఛాస్త్రమున క్షేత్రమనగా తీగె చుట్టును దాని ప్రభావము వ్యాపించియుండు తావు. ఇది రెండు విధములు. తూము మూసియున్నను చెఱువునీరు గట్టును ఒత్తుచునే యుండును, తూమెత్తినపుడే పాఱును. వోల్టేజి ఆ యొత్తిడి వంటిది. కరెంటు ఆ పాఱుదల వంటిది. వోల్టేజి యున్నచో చాలును, మోటారు తిరుగకున్నను విద్యుత్ క్షేత్రము కలుగును. కరెంటు ప్రవహించునపుడు అయస్కాంత క్షేత్రము కలుగును. దూరము పెరిగినకొలది రెండును తగ్గిపోవును. గోడలును చెట్లును మొదటిదానిని చాలవఱకు అడ్డగించును; రెండవదానిని అడ్డగింపజాలవు.

ఈ క్షేత్రములవలన దేహమునకు హాని కలుగునా యని కొందఱు శంకింతురు. మన దేశమున వాడుకలోనున్న 50 ఆవర్తనముల కరెంటునకు 2010లో అంతర్జాతీయ నిపుణుల సంఘమొకటి మితులను సూచించినది. పనివారికి విద్యుత్ క్షేత్రము మీటరునకు 10,000 వోల్టులు, అయస్కాంత క్షేత్రము 1,000 మైక్రోటెస్లాలు. సామాన్య జనులకు 5,000 వోల్టులు, 200 మైక్రోటెస్లాలు. పొలములమీదుగా పోవు 11,000 వోల్టుల లైనుక్రింద నేలపై నిలిచినవానికి ఈ మితులు మిక్కిలి దూరము. 2002లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అయస్కాంత క్షేత్రములను క్యాన్సరు కలిగింపవచ్చునను అనుమానము గల వర్గమున చేర్చినది. ఆ సాక్ష్యము కారణమని నిర్ణయించుటకు చాలినంత బలమైనది కాదని 2007లో ప్రపంచారోగ్య సంస్థ తెలిపినది. అయినను గుండెకు పేస్‌మేకరు అమర్చబడినవారు సబ్‌స్టేషనులలో పనిచేయుటకు ముందు వైద్యుని యనుమతి పొందవలయును.

తీగెలపై పనిచేయువానికి తక్షణ ప్రమాదము వేఱొకచోట నున్నది. మాఱుచుండు అయస్కాంత క్షేత్రము ప్రక్కతీగెలో వోల్టేజిని పుట్టించునని 1831లో ఫారడే కనుగొనెను. ఒక పెద్ద లైను ప్రక్కగా మఱియొక లైను చాల దూరము సాగినచో, రెండవదానిని ఆపివైచినను మొదటిదాని క్షేత్రములచే దానియందు వోల్టేజి పుట్టును. ఆ తీగెను తాకినవాని దేహమే భూమికి దారియగును.

కావున పనివాడు ముందుగా లైన్ క్లియర్ వ్రాతపూర్వకముగా పొందవలయును. ఏబీ స్విచ్చి తెఱచి తాళము వేయవలయును. టెస్టరుతో పరీక్షింపవలయును. పిదప పనిచేయు తావునకు ఇరువైపులను మూడు ఫేజులకును డిశ్చార్జి రాడ్డులు తగిలించి ఎర్తు చేయవలయును. ముందు భూమికి, తరువాత తీగెకు కలుపవలయును. తీయునపుడు ముందు తీగెనుండి, కడపట భూమినుండి తీయవలయును. ఈ క్రమము తప్పరాదు.

ఇందు రైతుల విధియు కలదు. జనరేటరును మార్పిడి స్విచ్చి లేక ఇంటి తీగెలకు కలిపినచో, ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మరు ద్వారా వెనుకకు పోయి, పైతీగెలో వేలకొలది వోల్టులై, స్తంభముపై నున్నవానిని చంపగలదు. పెద్ద లైను వెంబడి సాగు పొడవైన కంచెతీగెను అచ్చటచ్చట ఎర్తు చేయించుట మేలు. ఏబీ స్విచ్చిని స్వయముగా ముట్టరాదు.

సిరిసిల్లలో 1970లో రైతులు విద్యుత్ సరఫరాకై సహకార సంఘమునే స్థాపించుకొనిరి. అట్టి సంఘమున స్తంభమెక్కినవాడు పరాయివాడు కాడు, మనవాడే. పైరెండుచున్నదని వానిని తొందరపెట్టుట న్యాయము కాదు. ఎర్తు చేయుటకు పట్టునది కొలది నిమిషములే. అంతమాత్రమున మడి ఎండిపోదు. ఆ కొలది నిమిషములు లేనిచో ఒక కుటుంబము దిక్కులేనిదగును. సభ్యులెల్లరు ఈ సంగతిని తమ గ్రామములలో తెలియజేయుదురు గాక.