గాజు మీద బొమ్మ బాగుంది... మరి గాలిలో దుమ్ము?

పూజగది తలుపు గాజుపై శంఖుచక్రాలు, గుమ్మం పక్కన నేమ్‌ప్లేట్, పెళ్లిరోజు కానుకగా ఇచ్చే గ్లాసులపై దంపతుల పేర్లు... మంచు పట్టినట్టు తెల్లగా కనిపించే ఈ డిజైన్లను ఇదివరకు గాజు దుకాణానికిచ్చి చేయించుకునేవాళ్లం. ఇప్పుడు చేతిలో పట్టుకుని వాడే చిన్న శాండ్‌బ్లాస్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. గాజుపై స్టిక్కర్ అంటించి, ఎయిర్ కంప్రెసర్‌కు తగిలించి ట్రిగ్గర్ నొక్కితే కాసేపట్లో పని అయిపోతుంది. సరదాగా మొదలుపెట్టి ఆర్డర్లు తీసుకునేదాకా వెళ్లేవారూ ఉన్నారు. హాబీ మంచిదే. అయితే ఈ పనిలో లేచే దుమ్ము గురించి కుటుంబమంతా తెలుసుకోవాలి. ఎందుకంటే దాన్ని పీల్చేది పని చేసేవారు ఒక్కరే కాదు.

ఇసుకతోనే అసలు చిక్కు

గాలి ఒత్తిడితో రేణువులను చిమ్మి గాజును గరుకుగా మార్చే ఈ పద్ధతికి అమెరికాకు చెందిన బెంజమిన్ టిల్‌మన్ 1870లో పేటెంట్ పొందారు. చాలాకాలం పాటు ఇందులో మామూలు ఇసుకే వాడారు. కార్మికుల ఊపిరితిత్తులు దెబ్బతింటున్నాయని తేలడంతో బ్రిటన్ 1949లోనే ఈ పనికి ఇసుక వాడకూడదని నిబంధన తెచ్చింది. జీన్స్ ప్యాంట్లకు వెలిసిన రంగు తెప్పించేందుకు ఇదే పద్ధతి వాడిన టర్కీలో, ఎంతోమంది యువ కార్మికులు సిలికోసిస్ బారినపడ్డారు. అక్కడ 2009లో దాన్ని నిషేధించారు.

ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, అంటే స్ఫటిక రూపంలోని సిలికా. వేగంగా వెళ్లి గాజును తాకగానే ఇసుక రేణువు పగిలి పొడవుతుంది. అందులో 5 మైక్రాన్ల కన్నా చిన్న కణాలు ముక్కు, గొంతు దాటి ఊపిరితిత్తుల చివరనున్న గాలిగదుల దాకా వెళ్లిపోతాయి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే ఈ కణాలు కంటికి కనిపించవు. పెద్ద దుమ్ము కింద పడ్డాక ‘గాలి శుభ్రపడింది’ అనుకుంటాం. సన్నని దుమ్ము మాత్రం గంటల తరబడి గదిలోనే తేలుతూ ఉంటుంది.

లోపల ఏం జరుగుతుంది?

గాలిగదుల్లోకి చేరిన కణాలను మన రక్షణ కణాలు మింగేస్తాయి. కానీ సిలికాను అరిగించుకోలేక అవే చనిపోతాయి. వాటి నుంచి వెలువడే రసాయనాల వల్ల వాపు వస్తుంది. క్రమంగా అక్కడ మచ్చలా గట్టిపడిన కణజాలం ఏర్పడుతుంది. ఇదే సిలికోసిస్. సాధారణంగా పదేళ్లు, అంతకన్నా ఎక్కువ కాలం దుమ్ము పీల్చినవారిలో కనిపిస్తుంది. దుమ్ము మరీ ఎక్కువైతే కొద్ది నెలల్లోనూ రావచ్చు. పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం మొదటి లక్షణాలు. గట్టిపడిన ఊపిరితిత్తిని మామూలుగా మార్చే మందు లేదు. ఈ దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ కారణమవుతుంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే ముప్పూ ఎక్కువే. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపించవచ్చు. అందుకే దగ్గు, ఆయాసంతో వచ్చేవారిని ‘మీరేం పని చేస్తారు?’ అని అడగడం మాకు మొదటి పరీక్షతో సమానం.

నెలకొకసారి ఒక గ్లాసుపై పేరు చెక్కేవారికి సిలికోసిస్ వచ్చేస్తుందని భయపడనక్కర్లేదు. అద్దాలు మూసిన బాల్కనీలో, ఇసుకతో, వారంలో నాలుగు రోజులు ఆర్డర్లు చేసేవారి పరిస్థితి వేరు. ఆ బాల్కనీలోనే ఉతికిన బట్టలు ఆరేస్తే, పక్క గదిలో ఆస్తమా ఉన్న పిల్లలుంటే నష్టం ఇల్లంతటికీ.

ఏం వాడాలి? ఎలా వాడాలి?

• నది ఇసుక, సముద్రపు ఇసుక, ‘సిలికా శాండ్’ పేరుతో అమ్మేది ఏదైనా వద్దు. అల్యూమినియం ఆక్సైడ్ లేదా సిలికాన్ కార్బైడ్ పొడి కొనండి. ప్యాకెట్‌పై సిలికా లేదని ఉందో లేదో చూడండి. గాజు పొడిలోని సిలికా స్ఫటిక రూపంలో ఉండదు కాబట్టి సిలికోసిస్ భయం తక్కువ. కానీ ఏ దుమ్మయినా శ్వాసనాళాలను రేపుతుంది.

• చేతులు మాత్రమే లోపలికి దూర్చే వీలుండి, దుమ్ము లాగేసే ఏర్పాటున్న మూసిన పెట్టెలోనే పని చేయడం ఉత్తమం. అది లేకపోతే ఇంటికి దూరంగా ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి చేయండి.

• చేతిరుమాలు, సర్జికల్ మాస్కు ఈ కణాలను ఆపలేవు. కనీసం ముఖానికి బిగుతుగా అతికే ఎన్95 ఉండాలి. తరచూ చేసేవారు ఫిల్టర్లు మార్చుకునే రబ్బరు రెస్పిరేటర్ వాడాలి. గడ్డం ఉంటే ఏ మాస్కూ సరిగా అతకదు.

• కళ్ల చుట్టూ మూసుకునే గాగుల్స్, చేతులకు మందపాటి గ్లవ్స్, కంప్రెసర్ మోతకు ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి.

• పని అయ్యాక చీపురుతో ఊడ్చొద్దు, ఫ్యాన్ వేయొద్దు. తడిగుడ్డతో తుడవండి. ఆ బట్టలు విడిగా ఉతికి, స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోండి.

• ఒంటికి అంటిన దుమ్మును కంప్రెసర్ గాలితో దులుపుకోవద్దు. ఆ ఒత్తిడికి గాలి, రేణువులు చర్మంలోకి దూసుకుపోగలవు. అలా జరిగితే పైకి చిన్న గాయమే కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

కంట్లో పడితే...

నలపొద్దు. శుభ్రమైన నీటితో ధారగా కడగండి. గరగర తగ్గకపోయినా, చూపు మసకబారినా అదేరోజు కంటి డాక్టర్‌కు చూపించండి. కంట్లో ఏదైనా గుచ్చుకుని ఉంటే కడగొద్దు, లాగొద్దు. నొక్కుకోకుండా పైన కాగితపు కప్పు అడ్డుపెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

దుమ్ము గొడవ లేదని కొందరు ఎచింగ్ క్రీమ్ వాడుతుంటారు. అందులో ఫ్లోరైడ్ రసాయనాలుంటాయి. చర్మంపై పడినా మొదట నొప్పి తెలియకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత లోపలి కణజాలం దాకా కాలుతుంది. కనీసం 15 నిమిషాలు పారే నీటిలో కడిగి, ఆ డబ్బా వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి. దీనికి కాల్షియం గ్లూకోనేట్ జెల్‌తో ప్రత్యేక చికిత్స ఉంటుంది.

చాలాకాలంగా ఈ పని చేస్తున్నవారు ఛాతీ ఎక్స్‌రే, శ్వాస సామర్థ్యం చూసే స్పైరోమెట్రీ చేయించుకోవడం మంచిది. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కఫం పరీక్ష కూడా అవసరం. డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు ఉద్యోగంతో పాటు ఈ హాబీ గురించీ చెప్పండి. మీరు చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికో గృహిణికో సిలికా దుమ్ముతో సంబంధం ఉంటుందన్న అనుమానం ఎవరికీ రాదు.