అర్థం కానిది పాఠమా, భాషా?

తుంగభద్ర ఒడ్డునున్న కెంచనగుడ్డ బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని ఊరు. ఇక్కడ ప్రభుత్వ బడి చదువంటే ఎక్కువగా కన్నడం చదువే. కాస్త ఖర్చు పెట్టగలిగినవాళ్ళు పిల్లల్ని సిరుగుప్పలోనో బళ్ళారిలోనో ఇంగ్లిషు మీడియంలో వేస్తారు. ఈ ప్రాంతపు ఇళ్ళలో మాత్రం కన్నడంతోపాటు తెలుగు, ఉర్దూ, లంబాణీ వినబడతాయి. ఇది నిన్నమొన్న వచ్చిన పరిస్థితి కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. సిరుగుప్పతో సహా మిగిలినవి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. సరిహద్దు మారినంత మాత్రాన ఇళ్ళలో మాట మారలేదు, పెళ్ళి సంబంధాలూ తెగలేదు. అందువల్ల ఇప్పటికీ ఎందరో పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లిషు పెట్టుకుని ఒకటో తరగతిలో కూర్చుంటారు. అలాంటి పిల్లవాడు ఏడాది గడిచినా నోరు విప్పకపోతే, అడిగినదానికి జవాబు చెప్పకపోతే, టీచరు ఏమనుకోవాలి? భాష పట్టుబడలేదనా, చెవి సరిగా వినబడటం లేదనా, చదవడంలో వైకల్యం ఉందనా? మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, మూడింటికీ చేయాల్సిన పని మాత్రం వేర్వేరు.

సరిహద్దు బడిలో పాఠ్యప్రణాళికను పిల్లలకు తగ్గట్టు మార్చడమనే పని ఈ ప్రశ్న దగ్గరే మొదలు కావాలని నా వాదన. మన దగ్గర అది ఎక్కువగా చివరి నుంచి మొదలవుతోంది. పిల్లవాడు వెనకబడ్డాడని తేలాక పాఠాలు తగ్గించడం, ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టించడం, పదో తరగతి దగ్గరికి వచ్చాక సర్టిఫికెట్ కోసం పరిగెత్తడం చూస్తున్నాం. భాష రాని పిల్లవాడికి పాఠం తగ్గిస్తే వాడికి వచ్చినది కూడా పోతుంది. వైకల్యం ఉన్న పిల్లవాడిని ‘భాష వస్తే వాడే దారిలో పడతాడు’ అని వదిలేస్తే, సాయం అందాల్సిన తొలి మూడు నాలుగేళ్ళు చేజారిపోతాయి.

ఈ పొరపాటు మన ఊళ్ళకే పరిమితం కాదు. 1970లో కాలిఫోర్నియాలో డయానా కేసు నడిచింది. స్పానిష్ మాట్లాడే ఇళ్ళనుంచి వచ్చిన తొమ్మిదిమంది పిల్లలకు ఇంగ్లిషులో తెలివితేటల పరీక్ష పెట్టి, మార్కులు తక్కువ వచ్చాయని బుద్ధిమాంద్యం ఉన్నవారి తరగతుల్లో కూర్చోబెట్టారు. రెండు భాషలూ తెలిసిన నిపుణులు మళ్ళీ పరీక్షిస్తే వాళ్ళలో ఎక్కువమందికి ఆ తరగతితో పనే లేదని తేలింది. వైకల్యం ఉందో లేదో తేల్చేటప్పుడు పిల్లలను వీలైనంతవరకు వారి సొంత భాషలో పరీక్షించాలని 1975లో అమెరికా చట్టం చేసింది. ఇంగ్లిషు రాకపోవడమే అసలు కారణమైతే ఆ పిల్లవాడిని వికలాంగుడిగా లెక్కించరాదని ఇప్పుడక్కడి చట్టంలో స్పష్టంగా ఉంది. మధ్యలో 1974లో లావ్ కేసు వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో ఇంగ్లిషు రాని చైనా మూలాల పిల్లలు సుమారు 1,800 మందికి ఏ అదనపు సాయమూ లేదు. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు, ఒకే సిలబస్ ఇస్తున్నాం కదా అని బడి యాజమాన్యం వాదించింది. అర్థం కాని భాషలో అన్నీ సమానంగా ఇచ్చినా అది సమానత్వం కాదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఈ రోజు ఆదోని నుంచి అమెరికా వెళ్ళిన తెలుగు కుటుంబం పిల్లను బడిలో చేర్చేటప్పుడు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో రాయమని ఒక కాగితం ఇస్తారు. దాన్నిబట్టి పిల్లకు ఇంగ్లిషు ఎంత వచ్చో చూసి తోడ్పాటు ఏర్పాటు చేస్తారు. మన ప్రవేశ రిజిస్టరులోనూ మాతృభాష గడి ఉంటుంది. ఆ గడిలో రాసిన ముక్క క్లాసు టీచరు పాఠం చెప్పే తీరును మార్చాలి. ఆ పని జరగనంతకాలం దాన్ని నింపి ప్రయోజనం లేదు.

మన చట్టాల్లో ఏమీ లేదనుకోవడం కూడా సరికాదు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం చెబుతుంది. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం అంటుంది. 1995 చట్టంలో ఏడుగా ఉన్న వైకల్యాలను 2016 వికలాంగుల హక్కుల చట్టం 21కి పెంచింది, చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ప్రత్యేక అభ్యసన వైకల్యాన్నీ అందులో చేర్చింది. పాఠ్యప్రణాళికలో, పరీక్షల్లో తగిన మార్పులు చేయాలని ఆ చట్టం 17వ సెక్షన్ నేరుగా ఆదేశిస్తుంది. అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు అందులో పేర్కొన్నవే. ఒక్క లోటుంది. భాష సమస్య, వైకల్యం రెండూ కలిసిపోయి కనిపించే పిల్లవాడి గురించి ఈ చట్టాలు విడివిడిగా మాట్లాడతాయి. అభ్యసన వైకల్యాన్ని గుర్తించే సాధనాల్లోనూ ఆ ఇబ్బంది ఉంది. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో తెచ్చిన ‘డాలి’ పరీక్ష మొదట హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లిషుల్లో వచ్చింది. అది చాలా విలువైన పని. అయినా ఇంట్లో తెలుగే వినే సిరుగుప్ప పిల్లకు కన్నడం పరీక్ష పెట్టి మార్కులు చూస్తే, ఆ మార్కుల్లో వైకల్యం ఎంత, భాష రాకపోవడం ఎంత అన్నది విడదీయలేం.

కాబట్టి తొలి జల్లెడ టీచరు చేతిలోనే పడాలి. దీనికి ఖరీదైన సాధనాలు అక్కర్లేదు. ఇంగ్లిషులో రాసిన లెక్క చేయలేకపోయిన పిల్లకు అదే లెక్కను అంకెలతో ఇచ్చి చూడాలి. చేసిందంటే లెక్క వచ్చినట్టే, అడ్డుపడింది వాక్యం. అంకెలతోనూ తప్పితే ఇంటి భాషలో, గింజలో పుల్లలో చేతికిచ్చి అడగాలి. అప్పుడు చేస్తే పద్ధతి అలవాటు కాలేదన్నమాట. అప్పటికీ చేయలేకపోతే, మరో నెల ప్రయత్నించినా మార్పు లేకపోతే, అమ్మానాన్నలను పిలిచి ఇంట్లో మాటలు ఎప్పుడు వచ్చాయి, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుందా, తమ్ముడికన్నా మాటలు తక్కువా అని కనుక్కోవాలి. ఇంటి భాషలో కూడా ఇబ్బంది ఉన్న పిల్లకే నిపుణుల దగ్గరికి దారి చూపాలి. ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో మాత్రమే మౌనంగా ఉండే పిల్లకు ముందుగా కావలసింది భాష.

ఇక పాఠం మార్చడమంటే ఏమిటో ఒక్క పాఠం దగ్గర నిలబడి చూద్దాం. నీరు ఆవిరి కావడం అన్న అయిదో తరగతి సైన్సు పాఠం తీసుకోండి. ఇంగ్లిషు మీడియం పిల్లలు ‘ఎవాపరేషన్’ అన్న మాటకు స్పెల్లింగు రాస్తారు, నిర్వచనం అప్పజెబుతారు. సిరుగుప్ప వరి సీమ. కోతలయ్యాక వడ్లు ఆరబోయడం ప్రతి పిల్లా చూసిందే. ఎండతోపాటు గాలి ఉంటే త్వరగా ఆరతాయని, కుప్పగా ఉంచితే లోపల తడి పోదని, అందుకే పలుచగా నెరిపి మధ్యలో తిరగేస్తారని వాళ్ళకు తెలుసు. ఉష్ణోగ్రత, గాలి, ఉపరితల వైశాల్యం అంటూ పుస్తకం చెప్పేది ఇదే. ముందు పిల్లల్ని తమ భాషలో చెప్పనివ్వాలి. తర్వాత బోర్డు మీద సగం వాక్యం ఇంగ్లిషులో రాసిచ్చి మిగతా సగం నింపమనాలి. నాలుగైదు పదాలకు బొమ్మలు గీసి గోడకు అంటించాలి. చూపు లేని పిల్ల రెండు తడిగుడ్డలను, ఒకటి పరిచి ఒకటి మడిచి, అరగంట తర్వాత చేత్తో తడిమి తేడా చెబుతుంది. వినికిడి లోపం ఉన్న పిల్ల నాలుగు బొమ్మలను వరసలో పెడుతుంది. అభ్యసన వైకల్యం ఉన్నవాడు జవాబు రాయకుండా నోటితో చెబుతాడు. అందరికీ చివరి ప్రశ్న ఒకటే: వడ్లు ఏ రోజు త్వరగా ఆరతాయి, ఎందుకు? మేధోవైకల్యం ఉన్న పిల్లకు ఆ ‘ఎందుకు’ అందకపోవచ్చు. ఆ పిల్లకు తడిసింది, ఆరింది అన్న తేడా గుర్తించడం, బట్టలు ఎక్కడ ఆరేయాలో ఎంచుకోవడం లక్ష్యంగా పెట్టాలి. అక్కడ మాత్రం లక్ష్యాన్నే మార్చక తప్పదు. మార్చినా అదే గదిలో, అదే పాఠంలో ఆ పిల్లకు చోటుండాలి.

సరిహద్దు ప్రాంతానికి ఒక మేలు కూడా ఉంది, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. తెలుగు, కన్నడం లిపులు ఒకే పాత లిపి నుంచి వచ్చినవి. తెలుగు పులి కన్నడంలో హులి, పాలు హాలు, పాము హావు, పండు హణ్ణు, పువ్వు హూవు. ఈ వరస ఒక్కసారి పట్టిచ్చిన టీచరు ఒక్క రోజులో పాతిక మాటలు నేర్పగలరు. కన్నడం రాదన్న భయం పిల్లకు అక్కడికక్కడే సగం తీరుతుంది. చూపు లేని పిల్లల విషయంలో ఈ దగ్గరితనం ఇంకా గొప్పది. 1951లో స్థిరపడిన భారతీ బ్రెయిల్‌లో ‘క’ అన్న ధ్వనికి తెలుగులోనైనా కన్నడంలోనైనా ఒకటి, మూడు చుక్కలే. కంటితో చదివే పిల్ల రెండు అక్షరమాలలు నేర్వాలి. వేలితో చదివే పిల్ల ఒక్కటి నేర్చుకుంటే చాలు. అలాగే భారతీయ సంకేత భాషకు రాష్ట్ర సరిహద్దు లేదు. పాఠ్యపుస్తకాలను అందులోకి తేవడానికి ఎన్‌సీఈఆర్‌టీ, సంకేత భాష కేంద్రం 2020 అక్టోబరులో ఒప్పందం చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2020 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషుగా పాఠ్యపుస్తకాలు అచ్చువేస్తోంది. అవి ఉచితంగా దొరుకుతాయి. సిరుగుప్ప టీచరు సైన్సు, లెక్కల పుస్తకాల్లో తమ పాఠానికి సరిపోయే పేజీలు తీసి తెలుగు ఇంటి పిల్లకు ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇలా పాఠాలూ పరీక్షలూ మారిస్తే ప్రమాణాలు పడిపోతాయని, మిగతా పిల్లలకు అన్యాయమని కొందరంటారు. పరీక్ష కొలవాల్సింది ఏమిటో తేల్చుకుంటే ఈ అభ్యంతరం నిలవదు. సైన్సు పరీక్ష సైన్సును కొలవాలి, చేతిరాత వేగాన్ని కాదు. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలన్న 2018 కేంద్ర మార్గదర్శకాల ఆంతర్యం అదే. రాతలో ఇబ్బంది ఉన్న అభ్యర్థికి సహాయకుడిని ఇవ్వాల్సిందేనని 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అందుకే. భాషల మినహాయింపు విషయంలో మాత్రం నాకు జాగ్రత్తే ఎక్కువ. వినికిడి లోపం ఉన్న పిల్లకు మూడు భాషల భారం నిజంగా ఎక్కువ, మినహాయింపు న్యాయం. అయితే కర్ణాటకలో బతకబోయే పిల్లకు కన్నడం తీసేస్తే రేపు ఉద్యోగానికి, ఆఫీసు పనికి ఇబ్బంది పడేది ఆ పిల్లే. ఏ భాష తీయాలన్నది మార్కులు చూసి కాక, పిల్ల బతుకు చూసి తల్లిదండ్రులతో కూర్చుని తేల్చాలి.

నలభై మంది పిల్లలు, ఒక్క టీచరు, ఇదంతా ఎప్పుడు చేయాలి అన్నది ఇంకో అభ్యంతరం. ఇది నిజమైన బాధ. ప్రాథమిక దశలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని 2021 అక్టోబరులో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. ఆ నియామకాలు జరగకుండా క్లాసు టీచరు నెత్తిన అన్నీ వేయడం అన్యాయం. అయినా పైన చెప్పిన వడ్ల పాఠంలో చాలా భాగం అందరికీ కలిపి చేసేదే. బొమ్మలు, సగం వాక్యాలు, ఇంటి భాషలో ముందు మాట్లాడుకోవడం నలభై మందికీ ఉపయోగమే, నలుగురి కోసం విడిగా చేసింది చాలా తక్కువ. కర్ణాటకలో బ్లాకు స్థాయిలో సమ్మిళిత విద్యకు రిసోర్సు టీచర్లున్నారు, ఆంధ్ర, తెలంగాణల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడి టీచర్లు బడికి వచ్చిన రోజున క్లాసు టీచరుతో కలిసి ఒక్క పాఠం సిద్ధం చేసినా ఫలితం కనిపిస్తుంది.

తల్లిదండ్రులు ఇంగ్లిషే కావాలంటున్నారు, మధ్యలో తెలుగు ఎందుకు అన్నది అందరికన్నా గట్టిగా వినబడే మాట. ఆ కోరికను తప్పుపట్టను. మాతృభాషలోనే చదవాలని ప్రైవేటు బడులపై ప్రభుత్వం బలవంతం చేయరాదని కర్ణాటక కేసులోనే 2014 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాని ఆ తీర్పు ఇంటి భాషను క్లాసులోకి రానివ్వొద్దని అనలేదు. ఆడుకునే భాష ఒకటి రెండేళ్ళలో వస్తుందని, పాఠం అర్థం చేసుకుని రాసే భాష పట్టుబడటానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందని జిమ్ కమ్మిన్స్ వంటి పరిశోధకులు ఎప్పుడో చూపించారు. ఆ అయిదేళ్ళూ సైన్సు, లెక్కలు ఆగవు కదా. తెలుగులో అర్థమైనది ఇంగ్లిషులోకి మార్చుకోవచ్చు. అర్థమే కానిదాన్ని ఏ భాషలోకీ మార్చలేం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవర, గోండి, కోయ, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు తొలి తరగతుల పుస్తకాలు తయారు చేసింది. తెలుగే అర్థం కాని పిల్లలకు తెలుగు నేర్పడానికి వాళ్ళ భాష మెట్టయింది. సిరుగుప్పలో తెలుగు పిల్లకు ఆ మెట్టు వద్దనడానికి కారణం లేదు.

సిరుగుప్ప, బళ్ళారి తాలూకాల్లో పిల్లల్ని బడికి పంపుతున్న తల్లిదండ్రులకు ఒక మనవి. వచ్చే జూన్‌లో ప్రవేశ పత్రం నింపేటప్పుడు మాతృభాష గడిలో ఇంట్లో నిజంగా మాట్లాడే భాషే రాయండి. మీ పిల్ల వెనకబడిందని టీచరు చెబితే, ఇంటి భాషలో అడిగి చూశారా అని ముందు అడగండి. ఇంటి భాషలోనూ ఇబ్బంది ఉందని తేలితే ఆలస్యం చేయకుండా జిల్లా ఆసుపత్రిలో పరీక్ష చేయించండి, వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం మార్పులు కావాలని ప్రధానోపాధ్యాయుడికి కాగితం మీద రాసివ్వండి. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కని అదే చట్టం చెబుతోంది.