లెక్కలు పట్టిచ్చిన విషం

నాందేడ్ ప్రాంతంలో జొన్నరొట్టె మనకు నిత్యాహారం. మరాఠీవారు దాన్నే భాకరి అంటారు. జొన్న కోతకు వచ్చిన వేళ వానలు పడితే కంకులు తడిసి గింజలు నల్లబడతాయి, బూజు పడతాయి. అలాంటి గింజలు తింటే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు ఎలా దొరికిందో తెలుసుకుందాం.

1995లో దక్కను పీఠభూమిలోని కొన్ని గ్రామాల ప్రజలు కడుపునొప్పితో, విరేచనాలతో బాధపడ్డారు. కడుపునొప్పికి కారణాలు అనేకం. తాగిన నీరు మంచిది కాకపోవచ్చు, తిన్న కూర పాచిపోయి ఉండవచ్చు. ఒక్క ఇంటిని చూసి కారణం చెప్పలేం. అందుచేత హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 50 గ్రామాల్లో సర్వే చేశారు. ఎవరు ఏం తిన్నారో, ఎవరికి జబ్బు చేసిందో విచారించారు.

27 గ్రామాల్లో ఆ జబ్బు కనిపించింది. జబ్బు వచ్చిన ఇళ్ళను, రాని ఇళ్ళను పోల్చి చూశారు. వానకు తడిసి బూజు పట్టిన జొన్నలు, మొక్కజొన్నలు తిన్నవారికే జబ్బు వచ్చింది. తిననివారికి రాలేదు. తరువాత ఆ గింజలను ప్రయోగశాలలో పరీక్షించారు. ఫ్యుజేరియం అనే బూజు, దానివల్ల పుట్టే ఫ్యుమోనిసిన్ అనే విషం బయటపడ్డాయి. ఆ గింజలు మేపిన కోడిపిల్లలకు కూడా విరేచనాలు అయ్యాయి. అనుమానం నిజమని తేలింది.

పంట తడిసిపోయినప్పుడు పేద కుటుంబానికి వేరే గింజలు కొనే స్తోమత ఉండదు. ప్రమాదం ఎక్కడుందో ముందే తెలిస్తే అక్కడి ప్రజలను హెచ్చరించవచ్చు, మంచి ధాన్యం పంపవచ్చు. కాబట్టి సమాచారం త్వరగా చేరాలి.

ఈ పనికి నేడు కంప్యూటర్లు తోడయ్యాయి. 2004లో కేంద్ర ప్రభుత్వం సమగ్ర వ్యాధి పర్యవేక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆరోగ్య కేంద్రాలు పంపే వివరాలను ఒకచోట చేర్చి పరిశీలిస్తారు. ఒక ప్రాంతంలో విరేచనాల కేసులు హఠాత్తుగా పెరిగితే ఆ సంగతి లెక్కల్లో కనిపిస్తుంది. అధికారులు వెళ్ళి నీటిని, ఆహారాన్ని పరీక్షిస్తారు. ఆహార పొట్లాలపై ఉండే 14 అంకెల లైసెన్సు సంఖ్య కూడా ఇలాంటిదే. సరుకులో దోషం ఉంటే తయారీదారును గుర్తించడానికి అది పనికివస్తుంది.

అయితే కంప్యూటరు తనంతట తాను ఏమీ తెలుసుకోలేదు. మనం చెప్పిందే దానికి తెలుస్తుంది. అందుకే జబ్బు చేసినప్పుడు ఏం తిన్నామో, ఎప్పుడు తిన్నామో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. గింజలను బాగా ఎండబెట్టి నిల్వచేయాలి. బూజు పట్టిన గింజలను వాడరాదు. రొట్టె కాల్చినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు.