అణా ఫలహారం

పిల్లలూ, మీరు ఎప్పుడైనా పొద్దున్న ఏమీ తినకుండా బడికి వెళ్ళి లెక్కలు చేశారా? మొదటి గంటలో ఏమీ తెలియదు. రెండో గంటకు పేగులు అరవటం మొదలుపెడతాయి. మూడో గంటకు నల్లబల్ల మీద అంకెలు కనిపిస్తూనే ఉంటాయి గాని బుర్రకెక్కవు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి గనక చెబుతున్నాను, ఆకలితో వచ్చిన పిల్లవాణ్ణి నలభై మందిలో కూర్చోబెట్టినా గుర్తుపట్టవచ్చు. వాడు అల్లరి చెయ్యడు. పక్కవాణ్ణి గిల్లడు. ఊరికే కిటికీ వంక చూస్తూ ఉంటాడు.

నూరేళ్ళ క్రితం మదరాసు నగరంలో ఒక బడి నిండా ఇటువంటి పిల్లలే ఉండేవారు. ఆ బడి సంగతి చెబుతాను.

మదరాసు అంటే ఇప్పటి చెన్నై. 1996లో పేరు మార్చారు. 1953 దాకా మన కోస్తా జిల్లాలూ, రాయలసీమా మదరాసు రాష్ట్రంలోనే ఉండేవి. అందుచేత ఆ నగరంలో తమిళులూ, తెలుగువాళ్ళూ, ఉర్దూ మాట్లాడే ముస్లిములూ పక్కపక్క వీధులలోనే కాపురాలుండేవారు. మౌంటు రోడ్డు పక్కన థౌజండ్ లైట్స్ అనే పేట ఉంది. అంటే వెయ్యి దీపాలు. ఇప్పుడు అక్కడ మసీదు ఉన్న చోట పూర్వం ఒక పెద్ద సభామందిరం ఉండేదనీ, దానికి వెలుగు చాలటానికి వెయ్యి దీపాలు పెట్టేవారనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ చెబుతారు.

పేరులో వెయ్యి దీపాలున్నా, ఆ పేటలోని కార్పొరేషను బడికి వచ్చే పిల్లల ఇళ్ళలో మాత్రం పొయ్యి వెలగటమే గగనంగా ఉండేది. చదువు రాక కాదు, తిండి లేక పిల్లలు బడి మానేసేవారు. ఇంట్లో గింజలు లేనప్పుడు పిల్లవాణ్ణి బడికి పంపటమంటే, వాడు ఎక్కడో ఒక చోట పని చేసి తెచ్చే కానీ, అర్ధణా కూడా వదులుకోవటమే కదా!

1920లో మదరాసు కార్పొరేషనుకు అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. ఆయన తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో, అంటే నేతపనివారి కులంలో, 1852లో పుట్టాడు. ఆ ఏడు సెప్టెంబరు 16వ తేదీన కార్పొరేషను సభలో థౌజండ్ లైట్స్ బడి మాట వచ్చింది. అక్కడి పిల్లలు చాలా బీదవారనీ, అందువల్లనే బళ్ళో పిల్లల సంఖ్య బాగా తగ్గిపోతున్నదనీ అధ్యక్షుడు చెప్పాడు. ఆ పిల్లలకు రోజూ ఫలహారం పెట్టాలని సభ తీర్మానించింది. అయితే ఒక్కొక్కరికి రోజుకు ఒక అణాకు మించి ఖర్చు కారాదు.

అణా అంటే మీకు తెలియదేమో. రూపాయికి పదహారు అణాలు. నాలుగు అణాలైతే పావలా. నూరుమంది పిల్లలకు అణా చొప్పున ఎంతవుతుందో కట్టి చూడండి. ఆరు రూపాయల పావలా! అంతే.

ఆ కొద్దిపాటి డబ్బుకు ఏం జరిగిందో చూడండి. పిల్లలు బడికి రాసాగారు. దాంతో మరో నాలుగు బళ్ళలో కూడా ఫలహారం పెట్టారు. 1922-23లో ఈ అయిదు బళ్ళలో కలిపి 811 మంది పిల్లలుండేవారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1924-25లో, 1671 మంది అయారు. రెట్టింపు కంటే ఎక్కువే! ఇంతమందికీ నిండా అణా ఖర్చు పెట్టినా రోజుకు ఎంతవుతుంది? 1671ని పదహారు చేత భాగించండి. 104 రూపాయల 7 అణాలు వస్తుంది.

"వాళ్ళు చదువు కోసం రావటం లేదు, తిండి కోసం వస్తున్నారు," అనేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. రానివ్వండి! ముందు రావాలి కదా! వచ్చినవాడికి అక్షరాలు నేర్పటం ఉపాధ్యాయుడి పని. రానివాడికి ఏ ఉపాధ్యాయుడూ నేర్పలేడు.

పైగా తిండికీ చదువుకూ ఉన్న సంబంధం ఉత్త మాట కాదు. పెద్దవాళ్ళ మెదడు వాళ్ళ బరువులో యాభయ్యో వంతు మాత్రమే ఉంటుంది. అయినా ఊరికే కూర్చున్నప్పుడు ఒంట్లో ఖర్చయే శక్తిలో అయిదో వంతు అదే తినేస్తుంది. అయిదారేళ్ళ పిల్లల సంగతి మరీ వింత. వాళ్ళకు రోజుకు కావలసిన శక్తిలో నూటికి నలభై పాళ్ళకు పైగా మెదడుకే పోతుంది! దానికి కావలసిన గ్లూకోజు అనే చక్కెరను రక్తం ఎప్పటికప్పుడు మోసుకుపోవాలి. మెదడు తనకోసం దాదాపు ఏమీ దాచుకోలేదు. కాబట్టి, పొయ్యిలో కట్టెలు పెట్టకుండా అన్నం ఉడకలేదని కుండను తిట్టినట్టే, పస్తున్న పిల్లవాణ్ణి ఎక్కం రాలేదని బెంచీ ఎక్కించటం.

ఇంత బాగా నడిచే ఏర్పాటు ఎన్నాళ్ళు సాగింది? అయిదేళ్ళు కూడా సాగలేదు. ప్రాథమిక విద్య కోసం వేరుగా ఉంచిన నిధి నుంచి ఫలహారానికి ఖర్చు చెయ్యటానికి వీలు లేదని ఆనాటి బ్రిటిషు ప్రభుత్వం అన్నది. 1925 ఏప్రిల్ 1వ తేదీ నుంచి ఆ డబ్బు ఆగిపోయింది. పలకలకైతే సరే, బల్లలకైతే సరే, తిండికి మాత్రం కాదన్నమాట! త్యాగరాయ చెట్టి కూడా ఆ 1925లోనే చనిపోయాడు. చెన్నైలో బట్టల కొట్లకు పేరుపడిన టి. నగర్ మీరు చూసి ఉంటారు. అందులోని "టి" ఆయన పేరే.

బడి ఖర్చులో తిండి కూడా ఒక భాగమేనని అందరూ ఒప్పుకోవటానికి చాలా కాలం పట్టింది. 1956లో కామరాజు ముఖ్యమంత్రిగా ఉండగా మదరాసు రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలయింది. 1982లో ఎం.జి. రామచంద్రన్ దాన్ని ఇంకా విస్తరింపజేశాడు. ఆంధ్ర ప్రదేశ్‌లో 1960ల నాటి పిల్లలకు కేర్ అనే సంస్థ అమెరికా నుంచి తెచ్చిన పాలపొడీ, మొక్కజొన్న రవ్వా అందేవి. ఆ పసుపుపచ్చని ఉప్మా నేనూ తిన్నాను. కొంచెం మాడు వాసన వేసేది, అయినా గంట ఎప్పుడు కొడతారా అని చూసేవాళ్ళం. మీ తాతగారినో అమ్మమ్మగారినో అడగండి, ఆ ఉప్మా సంగతి వాళ్ళు నాకంటే బాగా చెబుతారు.

2001 నవంబరు 28వ తేదీన సుప్రీంకోర్టు, దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటిలో వండిన భోజనం పెట్టి తీరాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2003 జనవరిలో మన బళ్ళలో వేడి అన్నం వచ్చింది.

ఇవన్నీ మధ్యాహ్నపు భోజనాలు. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చే పిల్లవాడు మధ్యాహ్నం దాకా ఏం చెయ్యాలి? 2022 సెప్టెంబరు 15వ తేదీన తమిళనాడులో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు పొద్దుటి ఫలహారం పెట్టే పథకం ప్రారంభమయింది. థౌజండ్ లైట్స్ బడి గురించి తీర్మానం చేసిన రోజు నుంచి లెక్క పెడితే, అప్పటికి నూట రెండేళ్ళకు ఒక్క రోజు తక్కువ.