బొబ్బర్ల గారె బ్రెజిల్ చేరిన దారి

ఖతార్‌లో మన అల్ వుకైర్‌లోని తెలుగు ఇళ్లలో బొబ్బర్లు నానబోశారంటే గారెలకేనని అర్థం. సీమ వాళ్లయితే అలసంద వడలంటారు, నాటుకోడి పులుసు ఉండాల్సిందే. సరిగ్గా ఇదే గింజతో బ్రెజిల్‌లోని సాల్వడార్ వీధుల్లో అకరజే అనే గారెలు వేస్తారు. ఈ గింజ పుట్టిల్లు ఆఫ్రికా. మన దగ్గరికి వేల ఏళ్ల కిందటే వచ్చి మన పంటైపోయింది. బ్రెజిల్‌కు మాత్రం బానిస ఓడల కాలంలో వెళ్లింది. 1888లో బానిసత్వం రద్దయ్యేలోపు ఆ దేశానికి చేరిన ఆఫ్రికన్లు దాదాపు 50 లక్షల మంది.

అకరజేకి బొబ్బర్లు నానబెట్టి పొట్టంతా తీసేస్తారు. మెత్తగా రుబ్బి, ఉల్లిపాయ, ఉప్పు కలిపి, పిండి తేలికయ్యేదాకా చెక్క గరిటెతో గిలక్కొడతారు. వేయించేది దెందే నూనెలో. మన పామాయిల్ చెట్టు కాయల నూనే అది. మనకు దొరికేది శుద్ధి చేసి రంగు తీసేసింది, అక్కడిది ఎర్రగా, ఘాటైన వాసనతో ఉంటుంది. వేగిన గారెను మధ్యకు చీల్చి వతపా అనే ముద్ద, బెండకాయ కూర, ఎండురొయ్యలు, మిరపకారం పెడతారు. వతపాలో రొయ్యలు, వేరుశనగ, జీడిపప్పు, కొబ్బరిపాలు పడతాయి. అదే పిండిని అరిటాకులో చుట్టి ఆవిరికి పెడితే అబరా. మన కుడుముల పద్ధతే!

నైజీరియాలో యొరుబా వాళ్లు నేటికీ ఈ గారెల్ని అకరా అంటారు. బానిసలుగా బ్రెజిల్ చేరిన యొరుబా ఆడవాళ్ల చేతి వంటే అకరజే. సాల్వడార్‌లో బానిస స్త్రీలు తట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో తిండి అమ్మేవారు. రోజుకింతని యజమానికి కట్టగా మిగిలింది కూడబెట్టి, కొందరు తమ స్వేచ్ఛను తామే కొనుక్కున్నారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే. బ్రెజిల్ వంటలో ఆఫ్రికా వాటా అనగానే ఫెజువాదా అనే మాంసం, చిక్కుళ్ల వంటకం పేరు చెప్పి, యజమానులు పారేసిన మాంసం ముక్కలతో బానిసలు దాన్ని కనిపెట్టారంటారు. చరిత్రకారులు ఒప్పుకోరు. మాంసం, చిక్కుళ్లు కలిపి ఉడికించే పద్ధతి పోర్చుగీసు వాళ్లదని వాళ్ల మాట. ఆ కథ ఆఫ్రికన్లను మిగులు తిండి మీద బతికినవాళ్లుగానే చూపిస్తుంది. వాళ్లు తెచ్చింది నేర్చిన వంట, అమ్మే నేర్పు.

అకరజే నైవేద్యం కూడా. కందోంబ్లే మతంలో గాలివానల దేవత ఇయాన్సాకు పెడతారు. తెల్లని దుస్తులు, తలపాగా, పూసలతో అకరజే అమ్మే స్త్రీలను బయానాలంటారు. వాళ్ల వృత్తిని బ్రెజిల్ ప్రభుత్వం 2005లో జాతీయ వారసత్వంగా నమోదు చేసింది.

2022లో మన పక్కనే అల్ వక్రాలో, అల్ జనూబ్ స్టేడియంలో ప్రపంచకప్ చూసినవాళ్లకు తెలుసు, లోపల ఏం అమ్మాలనే విషయంలో ఫిఫా ఎంత పట్టుగా ఉంటుందో. 2014 ప్రపంచకప్ ముందు సాల్వడార్‌లో అకరజే అమ్మకానికీ అదే చిక్కు వచ్చింది. బయానాలు ఊరుకోలేదు. సంతకాలు సేకరించారు, స్టేడియం ముందు నిరసన తెలిపారు. 2013 కాన్ఫెడరేషన్స్ కప్ నాటికే ఫోంతే నోవా స్టేడియంలో అకరజే అమ్మే హక్కు సాధించుకున్నారు.