ఇన్‌ఫ్లుయెంజా జ్వరము - గృహిణుల సందేహములు



ఇంటిలో నొకరికి జ్వరము వచ్చినచో పథ్యపానములు చూచునది, రాత్రులు మేల్కొని నుదుట తడిగుడ్డ వేయునది, వేళ తప్పకుండ మందిచ్చునది స్త్రీయే. కావున జ్వరములను గూర్చిన జ్ఞానము వైద్యునకెంత యవసరమో గృహిణికిని అంత యవసరము. వర్షకాలము ప్రవేశించిన పిమ్మట మావారు పనిచేయు పాఠశాలలో హాజరుపట్టీ పలుచబడుట యేటేట వినుచునే యున్నాను. ఒక బాలుడు దగ్గుచు వచ్చును. వారము తిరుగక మునుపే ఆ తరగతిలో పదిమంది మంచము పట్టుదురు. వారినుండి ఇండ్లలోని వృద్ధులకును, చంటిబిడ్డలకును అది ప్రాకును. ఇట్లు ప్రాకు జ్వరములలో ముఖ్యమైనది ఇన్‌ఫ్లుయెంజా. దీనినే జనులు ఫ్లూ అనుచున్నారు. దీనిని గూర్చియు, దీని టీకాను గూర్చియు సోదరీమణులు తఱచుగ నడుగు ప్రశ్నలకు సమాధానముల నిందు వ్రాయుచున్నాను.

ఫ్లూ అనగా పడిసెమేనా?

కాదు. పడిసెము మెల్లమెల్లగ వచ్చును. ముక్కు కారును, తుమ్ములు వచ్చును, గొంతు గరగరలాడును. మనుష్యుడు లేచి తిరుగుచునే యుండును. ఫ్లూ అట్లుగాక ఒక్కసారిగ పైబడును. ఉదయమున నీళ్లు తోడినది సాయంకాలమునకు లేవలేని స్థితికి వచ్చును. తీవ్రమైన జ్వరము, చలి, తలనొప్పి, ఒడలంతయు విఱిచినట్లు నొప్పులు, పొడిదగ్గు దీని లక్షణములు. సోకిన తరువాత ఒకటి మొదలు నాలుగు దినములలో జ్వరము బయటపడును. అది సాధారణముగ మూడు నాలుగు దినములలో తగ్గినను, దగ్గును నీరసమును రెండు వారములైనను విడువవు. రోగి దగ్గినపుడును తుమ్మినపుడును వెలువడు తుంపురుల వలన ఇది వ్యాపించును. జ్వరము కనబడుటకు ఒక దినము ముందునుండియే రోగి ఇతరులకు అంటింపగలడు; కావుననే దీనిని కట్టుదిట్టము చేయుట కష్టము.

చరకసంహితలోని విమానస్థానమున జనపదోద్ధ్వంసమును గూర్చి యొక యధ్యాయము కలదు. భిన్న ప్రకృతులు గల జనులందఱును ఒకే కాలమున ఒకే విధమైన వ్యాధిచే నశించుటకు వాయువు, జలము, దేశము, కాలము చెడుట కారణమని యందు చెప్పబడినది. ఇటలీ దేశస్థులు ఇది నక్షత్రముల ప్రభావమని తలచి 'ప్రభావము' అను నర్థము గల ఇన్‌ఫ్లుయెంజా యను పేరు పెట్టిరి. దీని నిజమైన కారణము 1933లో గాని తేలలేదు. ఆ సంవత్సరమున లండనులో విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అను శాస్త్రజ్ఞులు రోగుల గొంతు కడిగిన నీటిని ఫెరెట్ అను చిన్న జంతువుల ముక్కులలో వేసి, వానికిని ఆ జ్వరము వచ్చుట చూచి, వైరస్సు అను అతిసూక్ష్మమైన రోగబీజమే దీనికి మూలమని నిరూపించిరి. అందొక ఫెరెట్ తుమ్మగా స్మిత్‌గారికే జ్వరము సోకినదట!

ఇది ప్రాణాపాయకరమా?

ఆరోగ్యవంతులలో ననేకులు విశ్రాంతితోనే కోలుకొందురు. కాని ప్రపంచమున ఏటేట 30 మొదలు 50 లక్షల మందికి ఇది తీవ్రరూపము దాల్చుచున్నదనియు, 2 లక్షల 90 వేల మొదలు 6 లక్షల 50 వేల వఱకు మరణించుచున్నారనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1918వ సంవత్సరము జూన్ మాసమున ఈ జ్వరము బొంబాయి రేవున ప్రవేశించి, ఆ శరత్కాలమున దేశమంతట చెలరేగి 1 కోటికి మించి జనులను బలిగొన్నది. 1911 మొదలు 1921 వఱకు గల పదియేండ్లలో మన దేశ జనసంఖ్య పెరుగుటకు మాఱుగ తగ్గుటకు ఇదియే ముఖ్యకారణము. అప్పుడు మన దేశమున పురుషులకంటె స్త్రీలే హెచ్చుగ మరణించిరను మాటను మనము మఱవరాదు. రోగుల నడుమ రేయింబవళ్లు మెలగినవారు వారే; అందఱును తినగా మిగిలినది తినినవారును వారే.

2009లో కొత్త రూపమున వచ్చి 'స్వైన్ ఫ్లూ' అనిపించుకొనినదియు ఇన్‌ఫ్లుయెంజాయే. మన దేశమున దాని మొదటి రోగిని ఆ సంవత్సరము మే మాసమున హైదరాబాదులోనే గుర్తించిరి.

మా బిడ్డకు చిన్ననాడే ఇన్‌ఫ్లుయెంజా టీకా వేసిరి గదా?

ఇది చదువుకొనిన తల్లులకును కలుగుచున్న భ్రాంతి. ఆఱు, పది, పదునాలుగు వారముల ప్రాయమున బిడ్డలకు ప్రభుత్వమువారు వేయించు పెంటావాలెంట్ టీకాలో కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతము, హెపటైటిస్-బి అనువానితో పాటు 'హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే-బి' అనునదియు కలదు. పేరులో ఇన్‌ఫ్లుయెంజా యున్నను ఇది ఫ్లూ కాదు. మెదడుపొర వాపును, న్యుమోనియాను కలిగించు వేఱొక సూక్ష్మజీవి. 1892లో ఫైఫర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనినే ఫ్లూ జ్వరమునకు కారణమని పొరబడెను. పొరపాటు తేలినను పేరు మాత్రము నిలిచిపోయెను. ఆ టీకా మిక్కిలి యవసరమైనదే. కాని దానివలన ఫ్లూనుండి రక్షణ కలుగదు. ఫ్లూ టీకా వేఱు. అది ప్రభుత్వమువారు బిడ్డలందఱకును ఉచితముగ వేయు టీకాల పట్టికలో చేరలేదు గావున వైద్యునడిగి వేయించుకొనవలసియుండును.

ఏటేట ఏల వేయించుకొనవలెను?

మారీచుడు బంగారు లేడియైనట్లు ఈ వైరస్సు కామరూపి. ఒక యేడు మన శరీరము దానిని గుర్తించి గెలిచినను, మరుసటియేడు అది పైరూపము కొంత మార్చుకొని వచ్చును. అందుచే ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఫిబ్రవరిలో భూగోళపు ఉత్తరార్ధమునకును, సెప్టెంబరులో దక్షిణార్ధమునకును తగిన టీకా కూర్పును నిర్ణయించుచున్నారు. అదియుగాక టీకా వలన కలిగిన బలము కొన్ని మాసములకు క్షీణించును. మన ప్రాంతమున వర్షకాలమున ఈ జ్వరము హెచ్చును గావున వానలు పడక మునుపే వేయించుకొనుట మేలు. రక్షణ కలుగుటకు రెండు వారములు పట్టును. ఇంటిలో జ్వరము ప్రవేశించిన పిమ్మట పరుగెత్తుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట వంటిది.

టీకా వలన జ్వరము రాదా? కోడిగ్రుడ్డుతో చేయుదురట గదా?

సూదితో వేయు ఫ్లూ టీకాలో సజీవమైన వైరస్సు ఉండదు. కావున దానివలన ఫ్లూ రాజాలదు. సూది గ్రుచ్చినచోట నొప్పియు, కొందఱకు ఒకటి రెండు దినములు కొద్దిపాటి వెచ్చదనము, ఒడలునొప్పులు కలుగును. తీవ్రమైన యుపద్రవములు అత్యంతము అరుదు. ఐనను పూర్వము ఏ టీకాకైనను ఊపిరాడక బాధపడినవారు ఆ సంగతి వైద్యునకు ముందుగ చెప్పవలెను. ఈ టీకాలలో హెచ్చుభాగము కోడిగ్రుడ్లలో వైరస్సును పెంచి, చంపి, శుద్ధిచేసి చేయబడునవే. అందు మిగులు గ్రుడ్డు పదార్థము లేశమాత్రము. ఆచారపరులైన అత్తగార్లు దీనికి శంకించుట నేనెఱుగుదును. ప్రాణరక్షణకై పుచ్చుకొను ఔషధము విషయమున మన పెద్దలు నియమములను సడలించుచునే వచ్చిరని వారికి వినయముతో విన్నవింపవచ్చును.

టీకా వేయించుకొనినవారికి ఫ్లూ రానేరాదని చెప్పజాలము. అది ఆ యేటి వైరస్సుకు బాగుగ సరిపోయినపుడు వైద్యుని యొద్దకు పోవలసిన ఫ్లూ జ్వరములను నూటికి 40 మొదలు 60 వంతుల వఱకు తగ్గించును. వచ్చినను తీవ్రత తగ్గును. గొడుగు పట్టినవారికిని పాదములు తడియును; అంతమాత్రమున గొడుగు వలదనము గదా.

ముఖ్యముగ ఎవరికి?

ఐదేండ్లలోపు బిడ్డలు, 65 ఏండ్లు దాటినవారు, గర్భవతులు, ఉబ్బసము, మధుమేహము, హృద్రోగము, మూత్రపిండముల వ్యాధి గలవారు, రోగులకు సేవచేయువారు మొదట వేయించుకొనవలెను. ఆఱు మాసములు నిండిన బిడ్డ మొదలుకొని ఎవరైనను వేయించుకొనవచ్చును. తొమ్మిదేండ్లలోపు బిడ్డకు మొదటిసారి వేయించునపుడు నాలుగు వారముల యెడముతో రెండు మాఱులు వేయించవలెను.

గర్భిణికి టీకా యేమని కొందఱు భయపడుదురు. గర్భమున ఏ మాసముననైనను సూది టీకా వేయించుకొనవచ్చును. ముక్కులో వేయు సజీవ టీకా మాత్రము వారికి తగదు. ఆఱు మాసములలోపు బిడ్డకు ఈ టీకా వేయుట లేదు గావున తల్లియే వానికి కవచము. అభిమన్యుడు తల్లిగర్భమందుండియే పద్మవ్యూహప్రవేశమును గ్రహించెనని చెప్పుకొందుము. అట్లే తల్లి పొందిన రక్షణ గర్భస్థశిశువునకు సంక్రమించి, పుట్టిన పిదప కొన్ని మాసములు కాపాడును.

జ్వరము వచ్చినచో ఏమి చేయవలెను?

రోగిని గాలి వెలుతురు గల గదిలో వేఱుగ పరుండబెట్టి, కిటికీలు తెఱచియుంచవలెను. దగ్గునపుడు మోచేతి మడతను గాని గుడ్డను గాని అడ్డము పెట్టుకొనుట నేర్పవలెను. పరిచర్య చేయువారు ముక్కునకు నోటికి ముసుగు కట్టుకొని, మాటిమాటికి సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. 'లంఖణము పరమౌషధము' అను సామెతను పట్టుకొని బిడ్డలను, గర్భిణులను, వృద్ధులను మాడ్చరాదు. ఆకలి లేకున్నను గంజి, మజ్జిగ, కాచి చల్లార్చిన నీరు కొంచెము కొంచెముగ నిచ్చుచుండవలెను. చంటిబిడ్డకు చనుబాలు మానరాదు. జ్వరమునకు పారాసిటమాల్‌ను వైద్యుడు చెప్పిన మోతాదున ఇవ్వవచ్చును. ఆస్పిరిన్‌ను పిల్లలకు ఎన్నడును ఈయరాదు. యాంటీబయాటిక్ మందులు వైరస్సుపై పనిచేయవు. వానిని అంగడిలో కొని మ్రింగుట వ్యర్థము, హానికరము. ఒసెల్టామివిర్ అను ఔషధము జ్వరము మొదలైన 48 గంటలలో మొదలుపెట్టినచో హెచ్చుగ నుపకరించును. అపాయస్థితిలో నున్నవారిని మొదటి దినమే వైద్యునకు చూపవలయుననుట ఇందుకే.

ఊపిరి ఆడకుండుట, ప్రక్కటెముకలు లోనికి పోవుట, పెదవులు నీలిబాఱుట, మగతగ పడియుండుట, మూర్ఛ, ఏమియు త్రాగలేకుండుట, తగ్గిన జ్వరము మరల హెచ్చుట - వీనిలో ఏ యొక్కటి కనబడినను తెల్లవారువఱకు వేచియుండక ఆసుపత్రికి పోవలెను. బిడ్డ నిద్రించుచుండగా ఊపిరులను నిమిషముపాటు లెక్కింపుడు. రెండు మాసములలోపు శిశువునకు 60, ఏడాదిలోపు 50, ఐదేండ్లలోపు 40, లేక అంతకు మించినచో అది అపాయసూచన. మందు వేయకయే జ్వరము విడిచి ఒక దినము గడచిన పిమ్మటనే బాలుని బడికి పంపుడు.

కడపట నొక్కమాట. మామగారికి, పిల్లలకు టీకా వేయించి, 'నాకేమి, రాయివంటి దానను' అని తాను మానుకొనునది మన గృహిణి. తనకు జ్వరము వచ్చినను పొయ్యి దగ్గఱనుండి లేవదు. ఆ చేతి అన్నముతోనే జ్వరము ఇల్లంతయు ప్రాకును. ఈ వర్షకాలమునకు ముందు ఇంటివారి టీకాలకు డబ్బు లెక్కవేయునపుడు మీ పేరును ఆ లెక్కలో మొదటనే వ్రాసికొనుడు.